హాల్లో లైటు మీద రెండు చేతులు

సూదమ్మ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. సూదితో బతుకుతుంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఆవిడ అనుకుంటుంది. మాట కూడా అలాగే గుచ్చుకుంటుంది కాబట్టి వచ్చిందని వీధి అనుకుంటుంది. రెండూ నిజమే.

ఆవిడ పని రఫూ. కోటు మీద సిగరెట్టు నిప్పు పడి చిల్లి పడినా, ఉన్ని శాలువాను పురుగు కొట్టినా, కొత్త ప్యాంటు మేకుకు తగిలి చిరిగినా, అక్కడ చిరుగుండేదని తొడుక్కునేవాడు కూడా మరిచిపోయేలా నేసి ఇస్తుంది. కుట్టడం కాదు అది, నేతే. అదే బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగాలి. చిల్లి మీద ముందు నిలువుగా పడుగు పరవాలి. ఆ తర్వాత వెంట్రుకంత సూదితో అడ్డంగా పేక దూరుస్తూ పోవాలి. ఏటవాలు నేత బట్ట అయితే రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా, వరుస మారినప్పుడల్లా ఒక్క పోగు జరుపుతూ వెళ్లాలి. ఒక్క చోట తప్పినా బట్ట మీద మచ్చ తేలుతుంది. చిన్నప్పుడు మేనమామ డ్రైక్లీనింగ్ కొట్లో కూర్చుని నేర్చుకున్న విద్య అది. తప్పు చేస్తే మేనమామ తిట్టేవాడు కాదు, చేసినదంతా కత్తెరతో తెంపి మళ్లీ చేతికిచ్చేవాడు. తిడితేనే బాగుండేదని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

పని ఎంత బాగుందన్నా సూదమ్మ సంతోషించదు. "చాలా బాగా చేశారండీ" అని ఎవరైనా అంటే, "ఈసారి సిగరెట్టు నోటితో తాగండి, కోటుతో కాదు" అంటుంది. అయినా జనం వస్తూనే ఉంటారు. ఆ పని చేసేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు మరి.

పెళ్లయి ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆవిడకు నచ్చినది ఒక్కటే, హాల్లో కిటికీ. మామగారు కట్టించిన ఇల్లు. ముందు హాలు, దాని వెనక రెండు చిన్న గదులు, చివర వంటిల్లు. హాలు కిటికీ నిలువెత్తు ఉండేది. దాని కింద తన చెక్క చట్రం వేసుకుని, బట్టను బిగించి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ వెలుతురులో పని చేసుకునేది. అలా చాలా ఏళ్లు జరిగింది. ఆ తర్వాత పక్క స్థలంలో గోదాం లేచింది. కిటికీలోంచి చెయ్యి చాపితే తగిలేంత దూరంలో, నాలుగంతస్తుల ఎత్తున సిమెంటు గోడ. అప్పటినుంచి పట్టపగలు కూడా ఆవిడకు లైటే దిక్కయింది. టేబుల్ లైటు పెట్టి చూసింది, చేతి నీడ వచ్చి సరిగ్గా సూది మీదే పడేది. వెనక గదుల్లో చట్రం పట్టదు. హాలు మధ్యలో, పైనుంచి వేలాడే మూడు బల్బుల దీపం కిందే కూర్చోవాలి, గత్యంతరం లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆడపడుచు దిగింది.

భర్తకు ఆవిడ ఒక్కతే అక్క. వయసులో ఉన్నప్పుడే ఒక ఫోటో స్టూడియోలో చేరి, డార్క్‌రూములోనే జీవితమంతా గడిపింది. ఎర్ర బల్బు గుడ్డి వెలుతురులో కాగితాలు మందునీళ్లలో ముంచి తేలుస్తూ, ఎవరెవరివో పెళ్లిళ్లూ పుట్టినరోజులూ నీళ్లలోంచి పైకి తేలడం చూస్తూ బతికింది. పెళ్లి చేసుకోలేదు. స్టూడియో వెనక గదిలోనే ఉండేది. ఎవరి ఫోటో వాళ్లే ఫోన్లో తీసుకునే రోజులొచ్చాక స్టూడియో మూతపడింది. తండ్రి ఇంట్లో తనకు సగం ఉందన్న సంగతి అప్పటిదాకా ఎప్పుడూ ఎత్తని మనిషి, ఒక ట్రంకు పెట్టెతో గుమ్మంలో నిలబడి ఆ ఒక్క మాటే అంది.

"నా సగంలో ఉంటాను. మీ సగం జోలికి రాను."

రాకుండా ఎలా ఉంటుంది? హాలుకు సగాలు లేవు. దీపానికి అసలే లేవు.

ఆడపడుచుకు వెలుతురు పడదు. కాస్త గట్టి లైటు కంట్లో పడితే చాలు, ఒక పక్క కణతలోకి మేకు దిగినట్టుంటుందని గోడకు తిరిగి కూర్చునేది. వాంతులయ్యేవి. అది నటన కాదని సూదమ్మకూ తెలుసు. తెలిసినంత మాత్రాన జాలి కలగాలని ఎక్కడా లేదు కదా.

ఆ ట్రంకు పెట్టెలో ఒక డిమ్మరు ఉంది. ఇత్తడి పలక, మధ్యలో నల్లటి గుండ్రటి మీట, చూడటానికి ఫ్యాను రెగ్యులేటరులా ఉంటుంది. స్టూడియోలో మనుషుల్ని కూర్చోబెట్టి ఫోటో తీసేటప్పుడు, మొహం మీద ఎంత వెలుతురు పడాలో దానితో తిప్పి సరిచూసేవారు. ఆడపడుచు దాన్ని మనిషిని పెట్టి హాలు స్విచ్చిబోర్డులో బిగింపించింది.

"పగలు నువ్వు పెంచుకో అమ్మాయ్. సాయంత్రం నేను తగ్గించుకుంటాను. ఇంక గొడవేముంది?"

"గొడవ నేనెప్పుడు పెట్టాను వదినా? మీ ఇల్లు, మీ మీట" అంది సూదమ్మ.

ఆ ఒప్పందం మీదే ఇద్దరూ చాలాకాలం నెట్టుకొచ్చారు. అప్పట్లో పాత గుండు బల్బులుండేవి. మీట మొత్తం తిప్పితే పచ్చటి వెలుతురు హాలంతా నిండేది. వెనక్కి తిప్పుతూ వస్తే ఆ పసుపు మెల్లగా నారింజలోకి, నారింజ ఎరుపులోకి దిగి, చివరికి లోపలి తీగ ఒక్కటే నిప్పుకణికలా కనిపించేది. ఆ ఎర్రటి మసకలో ఆడపడుచు వాలుకుర్చీలో కళ్లు తెరుచుకుని కూర్చునేది. రోజు మొత్తంలో ఆవిడ మొహాన గంటు లేని సమయం అదొక్కటే.

అంత మాత్రాన ఇంట్లో శాంతి ఉండేదని కాదు. పొద్దు వాలుతుందనగానే ఆడపడుచు స్విచ్చిబోర్డు పక్కకు వచ్చి నిలబడి దగ్గేది. దగ్గు రాని దగ్గు. సూదమ్మ ఇంకో రెండు వరుసలుంటే పని ముగిసిపోయే చోట కావాలనే నెమ్మదించేది. ఇద్దరి మధ్యా భర్త, నోట్లో నాలుక లేని మనిషి, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. అతను బస్టాండులో టికెట్ల కౌంటరులో పని చేసేవాడు. పొద్దస్తమానం అరచేయంత కంతలోంచి జనం అరుపులు విని వచ్చిన మనిషి ఇంట్లో చెవులు తీసి పక్కన పెట్టేసేవాడు.

ఇలా ఉండగా పాత బల్బులు ఒక్కొక్కటే మాడిపోయాయి. కొత్తవి కొందామంటే ఏ కొట్లోనూ లేవు, రావడం మానేశాయన్నారు. భర్త ఒక సాయంత్రం మూడు కరెంటు ఆదా బల్బులు పట్టుకొచ్చాడు.

"ఈ మూడూ కలిపినా పాత బల్బు ఒక్కదానంత కరెంటు తాగవట" అని స్టూలెక్కి బిగించాడు.

స్విచ్చి వేయగానే హాలు తెల్లబడింది. గోడల మీద ఇన్నేళ్లూ కనపడని మరకలన్నీ బయటపడ్డాయి. సూదమ్మ తల ఎత్తి చూసి, ఆ ఇంటికొచ్చాక మొట్టమొదటిసారి ఒక మంచి మాట అంది. "పాలు పోసినట్టుంది." ఆడపడుచు రెండు చేతులూ కళ్ల మీద పెట్టుకుని లేచింది. తడుముకుంటూ వెళ్లి మీట వెనక్కి తిప్పింది. పావు వంతు తిప్పినా వెలుతురులో తేడా లేదు. ఇంకాస్త తిప్పితే బల్బులు సీసాలో పెట్టిన తేనెటీగల్లా జుయ్యిమన్నాయి. ఇంకాస్త తిప్పితే వణికాయి. ఆ తర్వాత మూడూ ఒక్కసారే ఆరిపోయాయి.

చీకట్లో భర్త గొంతు వినిపించింది. "కొత్తవి కదా అక్కా. అలవాటు పడాలి."

"ఎవరు? అవా, మేమా?" అంది ఆడపడుచు.

ఆ రోజునుంచి ఆ ఇంట్లో వెలుతురు మనిషికి జ్వరమొచ్చినట్టు ఉండేది. మీట మొత్తం తిప్పి ఉంచినా ఉన్నట్టుండి రెప్పలు కొట్టేది. కాసేపు నిలకడగా ఉండేది. సూదమ్మ చూపు పోగు మీద నిలిచి, సూది కిందినుంచి పైకి రాబోయే క్షణంలో మళ్లీ రెప్పకొట్టేది. తలెత్తి చూస్తే ఆడపడుచు వాలుకుర్చీ స్విచ్చిబోర్డును ఆనుకునే ఉండేది. ఆవిడ మోచెయ్యి మీటకు జానెడు దూరంలో ఉండేది. ఇంకేం సాక్ష్యం కావాలి?

"వదినా, కాస్త ఆ చెయ్యి ఇటు పెట్టుకోండి."

"నా చెయ్యి నా ఒళ్లో ఉంది."

"ఇప్పుడుంది."

ఆడపడుచుకు కూడా సాక్ష్యాలు దొరికాయి. సాయంత్రం తన వంతు వచ్చి మీట తగ్గించగానే బల్బులు వణికేవి. ఆ వణుకు సూటిగా వెళ్లి ఆవిడ కణతలో తగిలేది. పాత గట్టి వెలుతురు కన్నా ఇదే ఎక్కువ బాధ పెట్టింది. ఒకరోజు మధ్యాహ్నం గదిలోంచి వస్తూ, సూదమ్మ కత్తెర మొనతో మీట చుట్టూ గీకడం ఆవిడ కళ్లారా చూసింది. నిజానికి బట్టల నూగు పేరుకుపోయిందని సూదమ్మ అది తీస్తోంది. ఆడపడుచుకు అర్థమైంది వేరు. నన్ను ఈ ఇంట్లోంచి వెళ్లగొట్టడానికి నా మీటనే పాడు చేస్తోంది అనుకుంది. పైకి ఏమీ అనలేదు. అనకుండా ఉంచుకున్న మాట కడుపులో పుండులా పెరుగుతుంది. ఆవిడకు అలాగే పెరిగింది.

ఆ రోజుల్లోనే సూదమ్మ చేతికి ఒక హోటలు మేనేజరు కోటు వచ్చింది. ముదురు బూడిదరంగు, ఏటవాలు నేత, జేబు పక్కన చిటికెనవేలు పట్టేంత చిల్లి. ఎప్పుడూ పని తెచ్చిచ్చే డ్రైక్లీనింగ్ షాపాయనే తెచ్చి ఇచ్చాడు. ఆయన సూదమ్మ నోటికి భయపడి గుమ్మం లోపలికి రాకుండానే మాట్లాడతాడు. ఆ కోటు మీద ఆవిడ రెప్పకొట్టే లైటు కింద మెడ వంచి కూర్చుంది. పడుగు పరిచేటప్పటికే కళ్లలోంచి నీళ్లు కారాయి. పేక సగం దాటాక ఎక్కడో రెండు పోగుల బదులు ఒక్క పోగు మీదుగా పోయింది సూది. అది ఆవిడకు తెలియలేదు.

తెలిసింది డ్రైక్లీనింగ్ షాపాయన కోటు వెనక్కి తెచ్చినప్పుడు. ఆయన దాన్ని గుమ్మం బయట ఎండలో పట్టుకుని చూపించాడు. నేతలో సన్నగా ఒక గీత అడ్డం తిరిగి ఉంది, గాయం మానిన మచ్చలా.

"మేనేజరుగారు ఒప్పుకోలేదమ్మా. అతుకు వేసినట్టుంది అన్నారు."

సూదమ్మ చాలాసేపు ఆ గీతను చూసింది. ఆవిడ చేసిన పని వెనక్కి రావడం అదే మొదలు. కోటు తీసుకుని లోపలికి వచ్చి, దాన్ని చట్రం మీద పడేసి, కత్తెర తీసుకుని తాను నేసినదంతా తెంపేసింది. తెంపుతూనే నోరు విప్పింది.

"కూర్చుని తినేవాళ్లకు కాలక్షేపం కావాలి. మీట తిప్పుతూ ఆడుకోవాలి. ఇవతల మనిషి కళ్లు పోయినా, చేతిలో పని పోయినా ఫరవాలేదు."

ఆడపడుచు కుర్చీలోంచి లేవలేదు. "నా సగంలో కూర్చుని నేనేమైనా చేసుకుంటాను. చేతకానితనానికి నా పేరెందుకు?"

చేతకానితనం అన్న మాట విన్నాక సూదమ్మ ఇక వెనక్కి తగ్గలేదు. ఆ సాయంత్రమే మీట మొత్తం పైకి తిప్పి, దాని మీద అడ్డంగా నిలువుగా ప్లాస్టరు అతికించింది. మర్నాడు పొద్దున లేచేసరికి ప్లాస్టరు లేదు, మీట కూడా లేదు. ఆడపడుచు నల్లటి గుండును పీకేసి తన చేతిసంచిలో వేసుకుంది. పలక మధ్యలో ఇనప పుల్ల ఒక్కటే మొండిగా మిగిలింది.  సూదమ్మ వెళ్లి పట్టకారు తెచ్చి, ఆ పుల్లను పట్టుకుని తిప్పింది. అప్పటినుంచి ఒకరి సంచిలో మీట, ఇంకొకరి చట్రం మీద పట్టకారు. స్విచ్చిబోర్డు ఉన్న గోడ అంతా పట్టకారు గీతలతో పిల్లి గీరినట్టు తయారైంది.

ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. చెప్పాల్సినవన్నీ భర్త నెత్తిన పడ్డాయి.

"మీ ఆవిడతో చెప్పు, వంటింట్లో లైటు ఆర్పలేదని."

"మీ అక్కయ్యగారితో చెప్పండి, ఆర్పాల్సినవాళ్లు ఆర్పుతారని."

ఇద్దరూ ఒకే గదిలో, అతనికి చెరొక పక్కన కూర్చునే ఇలా అనేవారు. అతను ఒకరి మాట ఇంకొకరికి చెప్పబోయి, ఆ అవసరం లేదని గుర్తొచ్చి, మళ్లీ పేపరులో తల దూర్చేవాడు. "టికెట్ల కౌంటరులోనే నయం, అక్కడ కనీసం మధ్యలో అద్దం ఉంటుంది" అని తోటివాళ్లతో అన్నాడట.

తలనొప్పి ముదిరేసరికి ఒక బుధవారం భర్త సెలవు పెట్టి అక్కను కళ్లాసుపత్రికి తీసుకెళ్లాడు. ఇంట్లో సూదమ్మ ఒక్కతే మిగిలింది. తలుపు గడియ పెట్టుకుంది. పట్టకారుతో పుల్లను చివరిదాకా తిప్పింది. కోటును మళ్లీ చట్రానికి బిగించి, హాయిగా ఊపిరి పీల్చుకుని కూర్చుంది. ఇవాళ అడ్డు చెప్పేవాళ్లు లేరు, ఆడించేవాళ్లు లేరు అనుకుంది.

నాలుగు వరుసలు నేసిందో లేదో, లైటు రెప్పకొట్టింది.

సూదమ్మ తలెత్తింది. వాలుకుర్చీ ఖాళీగా ఉంది. స్విచ్చిబోర్డు దగ్గర ఎవరూ లేరు. బల్బులు జుయ్యిమంటూనే ఉన్నాయి. ఇంకోసారి రెప్పకొట్టాయి. ఆవిడ లేచి పుల్లవైపే చూస్తూ నిలబడింది. పుల్ల కదల్లేదు. లైటు మాత్రం మళ్లీ వణికింది.

ఆ క్షణంలో ఇంకొకరైతే సిగ్గుపడి ఉండేవారేమో. సూదమ్మకు సిగ్గు వెయ్యలేదు. ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లు ఎవరిని తిడుతూ పొద్దు పుచ్చిందో, ఆ మనిషి ఈ పని చేయలేదట. అయితే కోటు పాడైంది ఎవరివల్ల? ఎవరివల్లా కాదంటే తనవల్లే అవుతుంది. ఆ మాట ఆవిడ గొంతు దిగలేదు. ఆడపడుచు ఆస్పత్రినుంచి నల్లకళ్లద్దాలతో దిగేసరికి సూదమ్మ చట్రం మీద బట్ట కప్పేసి, వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తోంది. లైటు సంగతి ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోతే పోయె, అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు డ్రైక్లీనింగ్ షాపాయన కోటు కోసం వచ్చాడు. ఇంకా కాలేదా అని గుమ్మం బయటనుంచే భయంభయంగా అడిగాడు. సూదమ్మ అవసరం లేనంత గట్టిగా, వెనక గది దాకా వినపడేలా జవాబిచ్చింది.

"పక్కలో బల్లెం పెట్టుకుని పని చెయ్యమంటే ఎక్కడవుతుందయ్యా? నేను కూర్చుంటే చాలు, లైటు ఆడించే మహాతల్లి ఒకామె ఉంది మా ఇంట్లో. మీ మేనేజరుకు ఆ మాట చెప్పు."

ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు. వెనక గది తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. నల్లకళ్లద్దాల వెనక ఆడపడుచు మొహం ఎలా ఉందో కనిపించలేదు. ఆవిడ చేతిసంచి తీసుకుని బయటికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు వెంట ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నాడు.

"చూడు నాయనా, ఈ మీటను ఎవరు పాడు చేశారో, ఎలా పాడు చేశారో తేల్చి చెప్పు. మా తమ్ముడి ముందర చెప్పాలి" అంది.

భర్త అప్పుడే పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు. విప్పిన చెప్పు మళ్లీ తొడుక్కుందామా అన్నట్టు ఆగిపోయాడు.

ఎలక్ట్రీషియన్ చిరాకు మనిషి. ఇంకో రెండిళ్ల పని ఉందని వస్తూనే చెప్పాడు. స్టూలెక్కి ఒక బల్బు విప్పి, దాని అడుగున రాసింది చదివి, కిందికి చూశాడు.

"ఇవెవరు పెట్టారు?"

"నేనే" అన్నాడు భర్త.

"డిమ్మరుకు ఈ బల్బులు పనికిరావండీ. వీటికి కరెంటు నిలకడగా రావాలి. డిమ్మరు దాన్ని ముక్కలు ముక్కలు చేసి పంపుతుంది. ఇవి వణకక ఏం చేస్తాయి? పైగా ఇదేదో స్టూడియో డిమ్మరు, పెద్ద పెద్ద లైట్ల కోసం చేసింది. ఈ మూడు బల్బులూ తాగే కరెంటు దీనికి ఆనదు. పూర్తిగా తిప్పి ఉంచినా ఆడతాయా?"

ఆ ప్రశ్న అందరినీ అడిగాడు. పని గురించి ఎవరైనా సూటిగా అడిగితే సూదమ్మ సూటిగా చెప్పడం అలవాటు. మేనమామ కొట్లో పడిన అలవాటు అది. ఆలోచించకుండానే నోటినుంచి వచ్చేసింది.

"ఆడతాయి. ఎవరూ ముట్టుకోకపోయినా ఆడతాయి. నిన్న ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను, అప్పుడూ ఇంతే."

అన్నాక గానీ ఏమన్నదో తెలియలేదు.

"అదే మరి" అని ఎలక్ట్రీషియన్ ఇత్తడి పలక స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. "డిమ్మరుకు పనికొచ్చే ఆదా బల్బులు వేరే ఉంటాయి. వాటికి తగ్గ డిమ్మరు కూడా మార్చాలి. రేపు తెస్తాను. ఇది పాడు కాలేదు, ఎవరూ పాడు చెయ్యనూలేదు."

 అతను వెళ్లాక ఆడపడుచు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నిన్ననే తెలుసా నీకు?"

సూదమ్మ చట్రం మీది పట్టకారు తీసి పక్కన పెట్టింది.

"నిన్న తెలిసి, ఇవాళ పొద్దున గుమ్మంలో పరాయివాడి ముందు నన్ను ఆ మాట అన్నావా?"

"అన్నాను. ఇప్పుడేమంటావు?"

మీరు అనే మాట ఆ ఇంట్లో అలా పోయింది. ఇన్నేళ్లలో ఎంత పోట్లాడుకున్నా సూదమ్మ ఆడపడుచును నువ్వు అనలేదు. భర్త ఆ పిలుపు విని తల ఎత్తాడు. ఆడపడుచు మాత్రం ఆ మాటే ఎదురుచూస్తున్నట్టు కుర్చీలో నిటారుగా అయింది.

"ఇప్పుడు నిజం మాట్లాడుతున్నావు. అలాగే మాట్లాడు."

"మాట్లాడతాను. బల్బు నువ్వు ఆడించకపోవచ్చు. ఆడించగలవు గనకే అనుకున్నాను. నేను ఈ గడప తొక్కిన రోజునుంచి నన్ను పనిమనిషిలా చూశావు. ఎవరో చిరిగిన బట్టలు అతికే పిల్ల మా తమ్ముడికి దొరికిందన్నావు, నాకు తెలియదనుకున్నావా? మా పెళ్లి ఫోటో ఎవరు కడిగారు? పక్కన మీ తమ్ముడు చందమామలా వచ్చాడు. నా మొహం చూస్తే మసి పూసినట్టుంది. అందరూ ఆ ఫోటో చూసి, పిల్ల నల్లగా ఉంటుందా అని అడిగారు. వెలుతురు తక్కువైందని చెప్పి తప్పించుకున్నావు."

భర్త కల్పించుకున్నాడు. "ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు? ఫోటోదేముంది, ఒక్కోసారి అలా..."

"నువ్వుండు" అంది అక్క. తర్వాత మరదలివైపు తిరిగింది. "బల్బుల సంగతి నాకు తెలియదు. ఫోటో మాత్రం నేనే చేశాను. కాగితం మీద వెలుతురు పడేటప్పుడు వాడి పక్క చెయ్యి అడ్డం పెట్టాను. నీ పక్క పెట్టలేదు. ఎక్కువసేపు వెలుతురు పడితే నల్లబడుతుంది. నా చేత్తో, కావాలనే చేశాను."

  తన పెళ్లి ఫోటో గురించి భర్త ఆ క్షణం దాకా ఏనాడూ ఏమీ అనుకోలేదు.

"ఎందుకు?" అంది సూదమ్మ. గొంతు తగ్గింది గానీ మెత్తబడలేదు.

"నచ్చలేదు నువ్వు. ఇప్పటికీ నచ్చవు."

"నాకూ నువ్వు నచ్చవు."

"తెలుసు."

అంతే జరిగింది. ఎవరూ ఏడవలేదు, ఎవరూ క్షమించమనలేదు. ఆడపడుచు తన గదిలోకి వెళ్లిపోయింది. సూదమ్మ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, చేతులు కడిగిందే కడుగుతూ చాలాసేపు నిలబడింది. ఫోటో మీద తన అనుమానం నిజమైనందుకు సంతోషం కలగాలి. కలగలేదు. అలాగని బాధా కలగలేదు. ఎన్నాళ్లుగానో తట్టుతున్న తలుపు తీస్తే లోపల ఖాళీ గది ఉన్నట్టుంది, అంతే.

మర్నాడు ఎలక్ట్రీషియన్ కొత్త బల్బులు, కొత్త డిమ్మరు బిగించాడు. మీట తిప్పితే వెలుతురు జుయ్యిమనకుండా, వణకకుండా, నీరు దిగినట్టు దిగింది. ఆడపడుచు దాన్ని చివరిదాకా తగ్గించి చూసింది. పాత బల్బుల్లా ఎర్రబడలేదు. తెల్లటి వెలుతురే పలచబడి బూడిదరంగుకు తిరిగింది.

"శవం మీద గుడ్డ కప్పినట్టుంది" అంది.

"కళ్లు మూసుకో, ఇంకా తగ్గుతుంది" అంది సూదమ్మ.

లైటు బాగుపడింది గానీ దాని కింద కూర్చోవడం సూదమ్మకు పడలేదు. నిలకడగా వెలిగే దీపం కింద, తనను కావాలని నల్లగా కడిగిన మనిషి ఎదురుగా, రోజంతా మెడ వంచి కూర్చోవాలంటే ఒళ్లు ఒప్పుకోలేదు. వెళ్లి డ్రైక్లీనింగ్ షాపాయనను అడిగింది. ఆయన కొట్లో ముందువైపు, రోడ్డుకు ఎదురుగా, ఇస్త్రీ బట్టల హేంగర్లు వేలాడే మూల ఖాళీగా ఉంది. అద్దాల్లోంచి ఎండ పడుతుంది. ఆయన ఈ మనిషి పొద్దస్తమానం నా కొట్లో ఉంటుందా అని ఒక్క నిమిషం గుటకలు మింగి, సరేనన్నాడు. కోటు విషయంలో తనను నిలదీయకుండా వెనక్కి తీసుకున్న మనిషి కదా అనే గౌరవం ఆయనకుంది.

చట్రాన్ని ఇంట్లోంచి బయటికి తెచ్చేటప్పుడు గుమ్మంలో ఇరుక్కుంది. భర్త అటు పట్టుకుని అవస్థ పడుతుంటే, ఆడపడుచు వచ్చి రెండో తలుపు గడియ తీసి వెడల్పుగా పట్టుకుని నిలబడింది. సాయం కాదు అది, త్వరగా పోవాలనే. సూదమ్మకూ ఆ సంగతి తెలుసు. థాంక్స్ చెప్పలేదు.

ఆ మూలలో కూర్చుని మొట్టమొదట మేనేజరు కోటే ముగించింది. ఏటవాలు గీతలన్నీ ఒకదాని వెంట ఒకటి తప్పకుండా దిగాయి. డ్రైక్లీనింగ్ షాపాయన దాన్ని రోడ్డు మీదకు పట్టుకెళ్లి, ఎండలో ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. చిల్లి ఎక్కడుండేదో ఆయనే కనిపెట్టలేకపోయాడు. బాగుందని అనబోయి, ఏం జవాబు వస్తుందోనని నోరు మూసుకుని హేంగరుకు తగిలించాడు.

ఇంట్లో అందరూ ఇప్పుడు ఎవరి మాట వాళ్లే చెప్పుకుంటున్నారు. ముఖాముఖిగానే తిట్టుకుంటారు, తిట్టుకున్నాక ఎవరి గదికి వాళ్లు పోతారు. సూదమ్మ సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాల్లో బూడిదరంగు వెలుతురు, అందులో ఆడపడుచు వాలుకుర్చీ. సూదమ్మ మీట ముట్టుకోకుండా, పక్కకు చూడకుండా వంటింట్లోకి వెళ్లి అక్కడి లైటు వేసుకుంటుంది. ఒక్కోసారి తలుపు మూస్తుంది, ఒక్కోసారి వెలుతురు హాల్లోకి పడేలా కావాలనే తెరిచి ఉంచుతుంది. "తలుపు!" అని కేక వినపడుతుంది. "కాళ్లున్నాయిగా, లేచి మూసుకో" అని జవాబు వెళుతుంది.

కొట్లో పని కోసం వచ్చేవాళ్లలో ఒక ముసలావిడ ఉంది. మాటకారి, చేతిసంచి దించకుండానే కబుర్లు మొదలుపెడుతుంది. ఒకరోజు తన ఉన్ని శాలువా ఇచ్చి, సూదమ్మ దానికి పోగు లాగుతుంటే పక్కన కూర్చుని ఊరికే అడిగింది.

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా మీరు?"

"నేనూ మా ఆయనా" అంది సూదమ్మ, పోగు తెగకుండా చూసుకుంటూ. పోగు మొత్తం బయటికి వచ్చాక దాన్ని సూది బెజ్జంలోకి ఎక్కించి, "ఇంకొకామె కూడా ఉంటుంది" అంది.